పంపించాల్సి వచ్చినప్పుడు

మీ టీమ్‌లో ఒకరిని తీసేయాలన్న నిర్ణయం జరిగిపోయింది. లెటర్ తయారైంది. ఎల్లుండి ఉదయం ఆ మనిషిని పిలిచి విషయం చెప్పాలి, చెప్పాల్సింది మీరే. ఈ రెండు రోజులూ మీ మనసులో ఏం తిరుగుతోంది? ఆయన ఇంటి ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు ఒకటి రెండుసార్లు గుర్తొచ్చి ఉంటాయి. కానీ వాటికంటే ఎక్కువగా ‘ముఖం మీద ఎలా చెప్పడం? ఏడిస్తే ఏం చేయాలి? గొడవకు దిగితే? రేపటి నుంచి మిగతావాళ్లు నన్ను ఎలా చూస్తారు?’ అన్నవే కదా మిమ్మల్ని నిద్రపోనివ్వనివి? ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంకొకరి బతుకుతెరువు తీసేయాల్సి వచ్చినప్పుడు గుండె దడదడలాడుతోందంటే మీలో మనిషితనం ఉన్నట్టే.

కాకపోతే చిక్కంతా ఆ దడతోనే వస్తుంది. ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు జరిగే క్రూరమైన పనుల్లో చాలావాటి వెనక చెడ్డ మనసు ఉండదు. చెప్పేవాళ్లు తమ ఇబ్బందిని తప్పించుకోబోయి చేసే పనులవి. చెప్పాల్సింది నెలల తరబడి వాయిదా వేస్తాం. చెప్పే రోజు వచ్చాక అసలు మాట పక్కన పెట్టి అరగంట మార్కెట్ పరిస్థితి గురించి మాట్లాడతాం. హెచ్‌ఆర్‌ను ముందుకు తోసి, మీటింగ్ ఉందంటూ మనం తప్పుకుంటాం. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మెయిల్ పంపి ఫోన్ ఆపేస్తాం. వీటిలో ప్రతిదీ చేసేవాళ్లకు కాస్త ఊరట, అవతలివాళ్లకు మరింత దెబ్బ. అందుకే ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. అడుగడుగునా మిమ్మల్ని మీరు అడగండి: ఇప్పుడు నేను చేయబోయేది ఎవరి బాధను తగ్గిస్తుంది, ఆయనదా, నాదా? మనసున్న నాయకులు ఆ గదిలోని ఇబ్బందిలో పెద్ద వాటా తామే తీసుకుంటారు.

ఈ ప్రశ్న వేసుకోనివాళ్లు ఏం చేశారో చూద్దాం. 2021 డిసెంబరు 1న అమెరికాలో బెటర్ డాట్ కామ్ అనే గృహరుణాల కంపెనీ సీఈఓ విశాల్ గర్గ్ సుమారు 900 మందిని ఒకే జూమ్ కాల్‌లో తీసేశారు. కొద్ది నిమిషాల్లో ముగిసిన ఆ కాల్‌లోనే, తాను ఇలాంటి పని చేయడం ఇది రెండోసారనీ, కిందటిసారి ఏడ్చాననీ చెప్పుకొచ్చారు. ఉద్యోగం పోయిందన్న వార్త వింటున్నవాళ్లకు సీఈఓ కన్నీళ్లతో పనేముంది? ఆ వీడియో బయటికొచ్చాక ఆయన క్షమాపణ చెప్పుకుని కొన్నాళ్లు పదవికి దూరంగా ఉండాల్సి వచ్చింది. 2022 మార్చి 17న బ్రిటన్‌లో పీ అండ్ ఓ ఫెర్రీస్ అనే ఓడల కంపెనీ ఇంకో మెట్టు దిగింది. సుమారు 800 మంది ఓడ సిబ్బందికి ముందే రికార్డు చేసిన వీడియో సందేశంతో ఆ రోజే ఆఖరని చెప్పేసింది. యూనియన్లతో సంప్రదించాలని చట్టం చెబుతోందని తెలిసీ సంప్రదించలేదని ఆ కంపెనీ అధిపతి తర్వాత పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నారు. రికార్డు చేసిన వీడియోతో ఒక సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ ప్రశ్నలు అడగలేరు. ఆ సౌకర్యం ఎవరికి? అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో ఇంకో చిన్న కంపెనీ సీఈఓ ఉద్యోగులను తీసేసి, ఏడుస్తున్న తన సెల్ఫీని లింక్డ్‌ఇన్‌లో పెట్టారు. ఆయన బాధ నిజమైనదే కావచ్చు. అయినా ఉద్యోగం పోయినవాళ్ల కథ ఒక్క పూటలో ఆయన కథ అయిపోయింది.

ఇప్పుడు రెండో వైపు. 2020 మేలో, కోవిడ్ దెబ్బకు ప్రయాణాలన్నీ ఆగిపోయినప్పుడు, ప్రయాణికులకు బస చూపించే ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీ తన 7,500 మందిలో సుమారు 1,900 మందిని తీసేసింది. సీఈఓ బ్రయాన్ చెస్కీ ఉద్యోగులకు రాసిన లేఖ ఇప్పటికీ చదవదగ్గది. ఎందుకు తీసేయాల్సి వస్తోంది, ఎవరిని తీసేయాలన్నది ఏ లెక్కన నిర్ణయించారు, వెళ్లేవాళ్లకు ఏమేం వస్తాయి అన్నవి అందులో వరసగా ఉన్నాయి. అమెరికాలోని వాళ్లకు 14 వారాల జీతం, దానిపైన పనిచేసిన ఒక్కో ఏడాదికి ఒక్కో వారం జీతం, ఏడాదిపాటు ఆరోగ్య బీమా ఇచ్చారు. ల్యాప్‌టాప్‌లు వాళ్లనే ఉంచుకోమన్నారు. తమ రిక్రూటింగ్ టీమ్‌లో కొంత భాగాన్ని వెళ్లేవాళ్లకు ఉద్యోగాలు వెతికే పనికి మళ్లించారు. చట్టం ఒప్పుకున్న చోటల్లా ఒక సీనియర్ లీడర్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలని పెట్టుకున్నారు. చివరి పనిదినాన్ని కూడా తోటివాళ్లకు వీడ్కోలు చెప్పుకునే వ్యవధి ఉండేలా ఎంచుకున్నారు. ‘వాళ్ల దగ్గర డబ్బుంది, ఇరవై మందితో నడిచే నా ఆఫీసులో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి?’ అంటారా? పై జాబితా మళ్లీ ఒకసారి చూడండి. వారాల జీతం, బీమా, ల్యాప్‌టాప్ తప్ప మిగతావాటిలో దేనికి డబ్బు కావాలి? కారణం చెప్పడానికి, విడిగా కూర్చుని మాట్లాడటానికి, నలుగురికి ఫోన్ చేసి ఉద్యోగం అడగటానికి కావాల్సింది మీ సమయం, కాస్త ధైర్యం.

చెప్పే తీరువల్ల తేడా ఏముంటుంది, ఎలా చెప్పినా పోయే ఉద్యోగం పోతుంది కదా అనేవాళ్లకు రెండు పరిశోధనలు చూపించాలి. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1990లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే కంపెనీకి చెందిన ఫ్యాక్టరీల్లో పది వారాలపాటు 15 శాతం జీతం కోశారు. ఒకచోట పెద్దాయన వచ్చి దాదాపు గంటన్నర కూర్చుని లెక్కలతో సహా కారణం చెప్పి, విచారం వ్యక్తం చేసి, ప్రశ్నలకు జవాబిచ్చారు. ఇంకోచోట పావుగంటలో ముక్తసరిగా చెప్పేసి వెళ్లిపోయారు. కోత రెండు చోట్లా ఒకటే. కానీ సరిగ్గా చెప్పని ఫ్యాక్టరీలో దొంగతనాలు బాగా పెరిగాయి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాళ్లూ ఎక్కువే. రెండోది 2000లో అలన్ లిండ్, గ్రీన్‌బర్గ్ తదితరులు ఉద్యోగం పోయిన దాదాపు వెయ్యిమందిని అడిగి చేసిన అధ్యయనం. తమను తీసేసిన పద్ధతి న్యాయంగా ఉందని గట్టిగా అనుకున్నవాళ్లలో కోర్టుకెళ్లినవాళ్లు 1 శాతం. పద్ధతి అన్యాయంగా ఉందనుకున్నవాళ్లలో 17 శాతం. మనిషి నష్టాన్ని దిగమింగుకోగలడు గానీ, తనను లెక్కలేనట్టు చూశారన్న మాట మాత్రం దిగమింగలేడు. మన అనుభవంలో ఉన్నదే ఈ అంకెల్లోనూ కనిపిస్తోంది.

ఆ రోజుకంటే ముందే

పనితీరు బాగాలేదని తీసేస్తున్నారా? అయితే అసలు పరీక్ష చెప్పే రోజున ఉండదు, అంతకు ముందు ఆరు నెలల్లోనే ఉంటుంది. ఒక సందర్భం ఊహించండి. విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. ఖాతాలు చూసే ఆయన జీఎస్టీ రిటర్న్ ఆలస్యంగా వేశారు, పెనాల్టీ పడింది. యజమానికి మండిపోయింది, కానీ ముఖం మీద అనలేక ‘పర్లేదులే, ఇంకోసారి చూసుకో’ అన్నారు. రెండోసారీ అదే. మూడోసారి ఇంట్లో భార్యతో, ఆఫీసులో ఆడిటర్‌తో చెప్పుకున్నారు, చెప్పాల్సిన మనిషితో తప్ప. దీపావళికి అందరితోపాటు ఆయనకూ స్వీటు డబ్బా, బోనసు ఇచ్చారు. ఏప్రిల్‌లో కొత్త మనిషిని మాట్లాడుకుని ఈయన్ని రేపటి నుంచి రావద్దన్నారు. ఖాతాలాయన వైపు నుంచి చూడండి. బోనసిచ్చిన చేత్తోనే లెటర్ ఇచ్చారు. తనలో తప్పేమిటో, ఎప్పటి నుంచో ఆయనకు తెలీదు. ఇప్పుడు చెప్పినా నమ్మరు. ‘కొత్తవాడిని తక్కువ జీతానికి పెట్టుకోవడానికి వంక వెతికారు’ అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు. ఇక్కడ యజమాని మంచితనం అనుకున్నది మొహమాటం. మొహమాటం ఖర్చు ఎప్పుడూ ఎదుటివాళ్ల ఖాతాలోనే పడుతుంది.

దీనికి మందు చేదుగానే ఉంటుంది. రెండో ఆలస్యానికే తలుపు వేసి కూర్చోబెట్టి, ‘ఇది ఇలాగే జరిగితే మిమ్మల్ని ఉంచుకోలేని పరిస్థితి వస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు రిటర్నులూ గడువులోపు పడాలి. సాఫ్ట్‌వేర్ రాకపోతే నేర్పిస్తాను, పని ఎక్కువైతే సర్దుతాను, ఏది అడ్డం వస్తోందో చెప్పండి’ అని స్పష్టంగా అనాలి. అదే రోజు నాలుగు వాక్యాల్లో రాసి ఇవ్వాలి. పెద్ద కంపెనీల్లో దీన్నే పీఐపీ (పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్) అంటున్నారు, కానీ తీసేయాలని ముందే తేల్చుకుని కాగితం కోసం నడిపే పీఐపీ ఇంకో రకం మోసం. మారే అవకాశం నిజంగా ఉంటేనే ఆ గడువు ఇవ్వండి. గడువు అయ్యాక, లెటర్ మీద సంతకం చేసే ముందు ఇలా అడగండి: ఈ మాట విని ఆయన నిర్ఘాంతపోతారా? అవునంటే మీరింకా సిద్ధంగా లేరు.

లేఆఫ్‌లో ఇది వర్తించదు. అక్కడ తప్పు ఉద్యోగిది కాదు, కాబట్టి ఆయన పనిలో లోపాలు వెతికి కారణంగా చూపించకండి. ప్రాజెక్టు పోయింది, క్లయింట్ వెళ్లిపోయాడు, డబ్బు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇంకో ముఖ్యమైన మాట. మన దగ్గర చాలా ఉద్యోగాలు సిఫారసు మీద వస్తాయి. బావమరిది స్నేహితుడి కొడుకనో, ఊరివాళ్ల అమ్మాయనో తీసుకుని ఉంటారు. తీసేసే ముందు సిఫారసు చేసిన పెద్దాయనకు ఒక మాట చెప్పి ఉంచుదామనిపిస్తుంది. వద్దు. ఆ ఫోన్ మీ బంధుత్వాన్ని కాపాడుకోవడానికి చేసేది. అబ్బాయికి తన ఉద్యోగం పోయిన సంగతి తనకంటే ముందు ఊళ్లో తెలిసిందని తర్వాత తెలిస్తే, ఆ అవమానాన్ని ఏ సెటిల్‌మెంటూ తీర్చదు. ముందు ఆ ఉద్యోగికే చెప్పండి. పెద్దాయనకు చెప్పాలా వద్దా, ఎవరు చెప్పాలి అన్నది ఆ ఉద్యోగినే అడగండి.

చెప్పే రోజు

1. లెక్కలన్నీ చేతిలో పెట్టుకుని వెళ్లండి. వార్త విన్న మనిషికి మొదట వచ్చే ప్రశ్నలు డబ్బువే, వాటికి ‘హెచ్‌ఆర్ చూసుకుంటారు’ అన్నది జవాబు కాదు. చివరి పనిదినం, నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా ఏ తేదీతో ఆగిపోతుంది, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎప్పుడు వస్తాయి, ఇవన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తీసేసిన ఉద్యోగికి రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు. సాధారణంగా ఐదేళ్ల సర్వీసు ఉంటేనే అది వస్తుంది, నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకైతే ఇప్పుడు ఏడాది చాలు. కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవాళ్లను సిబ్బంది ఎక్కువై తీసేస్తే, ఏడాది నిండినవాళ్లకు నెల నోటీసు లేదా ఆ జీతం, దానిపైన పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఉన్న నియమమే. మీ ఆఫీసుకు ఏది ఎలా వర్తిస్తుందో కార్మిక చట్టాలు తెలిసిన వకీలుతో ముందే తేల్చుకోండి. చట్టం చెప్పింది ఇవ్వడం దయ కాదు, అది బాకీ. దయ దాని తర్వాత మొదలవుతుంది. బీమానే తీసుకోండి. ఆ ఇంట్లో ఎవరికైనా డయాలిసిస్ జరుగుతుంటే, గ్రూప్ పాలసీ ఆగిపోయే తేదీ జీతం ఆగే తేదీకంటే భయంకరం. దాన్ని సొంత పాలసీగా మార్చుకోవడానికి ఏం చేయాలో మీరే ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి, ఆ నంబరు కాగితం మీద రాసి ఉంచండి.

2. రోజునూ చోటునూ ఆయన కోసం ఎంచుకోండి. శుక్రవారం సాయంత్రం మీకు అనుకూలం, సోమవారం దాకా ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఆయనకు మాత్రం రెండు రోజులు హెచ్‌ఆర్ ఫోనెత్తరు, ఆలోచనలు తప్ప ఏమీ ఉండవు. వారం మధ్యలో, ఉదయం పూట చెప్పండి. సంక్రాంతికి ఊరెళ్లే ముందు రోజా, కూతురి నిశ్చితార్థం ఉన్న వారమా అన్నది లీవ్ క్యాలెండర్ తెరిస్తే తెలిసిపోతుంది. ఇప్పుడు ఆఫీసుల్లో మీటింగ్ రూములన్నీ గాజు గోడలే. ఆయన వీపు గాజు వైపు ఉండేలా, తలుపుకు దగ్గరగా కుర్చీ వేయండి. ఏడిస్తే హాలంతా చూడకూడదు, బయటికెళ్లాలంటే మిమ్మల్ని దాటుకుని వెళ్లాల్సిన పని ఉండకూడదు. బల్ల మీద మంచినీళ్లు పెట్టి, మీ ఫోన్ లోపల పెట్టేయండి.

3. మొదటి నిమిషంలోనే చెప్పేయండి. ‘ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?’ అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న తర్వాత వచ్చే వార్త, ఆ ప్రశ్ననే వెటకారం చేస్తుంది. ఇలా అనవచ్చు: ‘కూర్చోండి. చెప్పాల్సింది కష్టమైన విషయం. ఈ నెల 30తో మీ ఉద్యోగం ముగుస్తోంది. కారణం ఇది. ఈ నిర్ణయం ఇక మారదు. మీకు రావాల్సినవన్నీ ఈ కాగితంలో రాశాను, మీరు ఎప్పుడంటే అప్పుడు చూద్దాం.’ అంతే. రోజూ అన్నా, తమ్ముడూ అని పిలుచుకునే చోట ఆ రోజు మాత్రం లెటర్‌లోని ఇంగ్లిష్ చదివి వినిపించకండి. పదేళ్లుగా ‘గారు’ అన్న మనిషిని ఆ పది నిమిషాలూ ‘గారు’ అనే అనండి. ‘ఈ నిర్ణయం ఇక మారదు’ అన్న మాట కఠినంగా అనిపించి మింగేయాలనిపిస్తుంది. మింగేస్తే ఆయన బతిమాలుకుంటారు, తన కష్టాలన్నీ మీ ముందు పరుస్తారు, ఆ తర్వాత కూడా మీరు కాదనాల్సిందే. ఆ పరిస్థితికి మనిషిని తీసుకెళ్లడంలో దయ ఏముంది?

4. తర్వాత ఊరుకోండి. ఆ నిశ్శబ్దం మీకు బరువుగా ఉంటుంది, మాటలతో నింపకండి.

5. కొన్ని మాటలు నోటిదాకా వస్తాయి, ఆపుకోండి. ‘నాకు రాత్రంతా నిద్ర లేదు’ అంటే ఓదార్చే పని ఆయన మీద వేసినట్టు. ‘ఇది మీ మంచికే అనుకోండి’ అనే హక్కు మీకు లేదు, ఏడాది తర్వాత ఆయన అనుకుంటే అనుకోవచ్చు. ‘నేను వద్దనే అన్నాను, పైవాళ్లే వినలేదు’ అన్నది నిజమే కావచ్చు. అయినా అప్పుడు ఆ మాట చెప్పడం మీ చేతులు కడుక్కోవడానికే. పైవాళ్లతో పోట్లాడాలంటే అంతకు ముందు వారమే పోట్లాడండి, ఇంకో నెల జీతం కోసమో, బీమా కోసమో. గదిలోకి వచ్చాక ఆ నిర్ణయం మీదే. ‘చూద్దాం, పరిస్థితి బాగుపడితే మళ్లీ పిలుస్తాం’ అన్నది అన్నిటికంటే ప్రమాదం. మీరు మర్యాదకు అన్నది నమ్ముకుని ఇంకో ఆఫర్ వదులుకునేవాళ్లుంటారు.

6. సీటు దాకా, గేటు దాకా ఆలోచించండి. సెక్యూరిటీ మనిషిని పక్కన నడిపించి, అట్టపెట్టెలో సామాను సర్దించి పంపడం చూసినవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి మరచిపోరు. ‘ఇప్పుడే సామాను తీసుకుంటారా, అందరూ వెళ్లాక వస్తారా, ఇంటికి పంపమంటారా?’ అని అడగండి. సిస్టమ్ యాక్సెస్ తీసేయాల్సి ఉంటే మీరు మాట్లాడుతుండగా తీయించండి, అంతకు ముందు మాత్రం వద్దు. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేసినప్పుడు, చాలామందికి ఆ సంగతి తెలిసింది పొద్దున్నే మెయిల్ తెరుచుకోకపోవడంతోనే. ల్యాప్‌టాప్‌లో ఉన్న పిల్లల ఫోటోలు, టాక్స్ కాగితాలు, స్నేహితుల నంబర్లు కాపీ చేసుకోవడానికి ఐటీవాళ్లు పక్కన కూర్చుంటే ఇరవై నిమిషాల పని. చివరగా, ఆ స్థితిలో బండి నడుపుకుంటూ ఇంటికెళ్లగలరేమో చూడండి. ‘క్యాబ్ పిలుస్తాను, బండి రేపు తీసుకెళ్దురు గానీ’ అనడానికి మీకు పట్టేది అర నిమిషం.

ఇంట్లో చెప్పుకోలేకపోవడం మన దగ్గర పెద్ద సమస్య. పెళ్లి సంబంధాలు చూస్తున్న అబ్బాయి, కొత్తగా ఫ్లాటు కొన్న దంపతులు, తండ్రి వైద్యం భరిస్తున్న కూతురు, వీళ్లలో కొందరు వారాల తరబడి ఎప్పట్లాగే క్యారేజీ తీసుకుని పొద్దున్నే బయల్దేరి, ఎక్కడెక్కడో కూర్చుని సాయంత్రానికి ఇల్లు చేరతారు. మీరు వాళ్ల కుటుంబ విషయంలో తలదూర్చనక్కర్లేదు. ‘ఇంట్లో ఎవరికి ముందు చెబుతారు?’ అని మెల్లగా అడగండి. జవాబు మీకు చెప్పకపోయినా, ఆ ఆలోచన మొదలవుతుంది.

మీకు రాగల అభ్యంతరాలు

‘రాజీనామా రాయించుకుంటే వాళ్లకే మేలు కదా, తీసేశారన్న మచ్చ ఉండదు’ అని చాలామంది మేనేజర్లు నమ్మకంగా అంటారు. హైదరాబాద్ ఐటీలో ఇది మామూలైపోయింది. ఇందులో సగం నిజం ఉంది. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రాజీనామా అని ఉండటమే నయమని కొందరు నిజంగా కోరుకుంటారు. కానీ రాజీనామా చేసినవాళ్లకు సిబ్బంది తగ్గింపు కింద వచ్చే పరిహారం అడిగే దారి సాధారణంగా మూసుకుపోతుంది. ఆ సంగతి చెప్పకుండా, గదిలో ముగ్గురు చుట్టూ కూర్చుని, ‘ఇప్పుడే మెయిల్ పెట్టు, లేకపోతే టెర్మినేషన్ అని రాస్తాం’ అంటే దాని పేరు బెదిరింపు. రెండు దారుల్లో దేనితో ఏం వస్తుంది, ఏం పోతుంది అన్నది రాసిచ్చి, ఇంటికెళ్లి ఆలోచించుకుని నాలుగు రోజుల్లో చెప్పమనండి. అప్పుడే అది ఆయన ఎంపిక.

‘మా వకీలు ఎక్కువ మాట్లాడొద్దన్నారు’ అనేది రెండో అభ్యంతరం. వకీలు చెప్పింది సబబే. కారణాల మీద వాదనకు దిగొద్దు, లేని హామీలు ఇవ్వొద్దు. కానీ తక్కువ మాట్లాడటం వేరు, చల్లగా మాట్లాడటం వేరు. నీళ్లివ్వడం, కళ్లలోకి చూసి చెప్పడం, లెక్కలు ఓపిగ్గా వివరించడం ఏ కోర్టులోనూ మీకు వ్యతిరేకంగా సాక్ష్యం కావు. పైన చెప్పిన 1 శాతం, 17 శాతం మీ వకీలుకూ చూపించండి.

‘దొంగతనం చేసినవాడి మీద, ఆడపిల్లలతో అసభ్యంగా ప్రవర్తించినవాడి మీద కూడా దయా?’ అంటారు. ఈ కోపంలో న్యాయం ఉంది. అలాంటివాళ్లను ఉంచుకోవడం మిగతావాళ్ల మీద క్రూరత్వం, ఇక్కడ వేగంగా కదలడమే ధర్మం. అయినా చార్జిషీటు ఇచ్చి, సంజాయిషీ విని, విచారణ జరిపాకే తీసేయాలన్న సహజన్యాయ సూత్రం ఎందుకుంది? కోపంలో ఉన్నప్పుడు మనం పొరపడతాం గనక. తప్పు రుజువైతే పంపేయండి, నోటీసు జీతం లేకుండా పంపాల్సి వస్తే అలాగే పంపండి. అంతేగానీ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి చాటింపు వేయకండి. శిక్ష వేయడానికి మీకు అధికారం ఉంది, అతని భార్యాపిల్లలు తలెత్తుకోలేకుండా చేసే అధికారం లేదు.

‘వందమందిని ఒకేసారి తీసేయాల్సి వస్తే ఒక్కొక్కరితో ఎలా కూర్చుంటాం?’ ఎయిర్‌బీఎన్‌బీ 1,900 మందిని తీసేసింది. పదిమంది మేనేజర్లు రోజుకు ఐదుగురితో మాట్లాడితే వందమందికి రెండు రోజులు. కుదరదు అన్నప్పుడు చాలాసార్లు అసలు అర్థం, ఆ ఐదు ముఖాలు చూడటం మా మేనేజర్ల వల్ల కాదని.

ఆ తర్వాత

అదే రోజు మిగిలినవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పండి. సీటు ఖాళీగా కనిపిస్తోంది, ఎవరూ మాట్లాడటం లేదు. అలాంటప్పుడు క్యాంటీన్‌లో పుట్టే కథ నిజంకంటే ఎప్పుడూ ఘోరంగానే ఉంటుంది. వెళ్లినవాళ్ల లోపాలు చెప్పకండి, అది వాళ్ల సొంత విషయం. ఇంకా తీసేసేది ఉందా లేదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. లేదని మీకు ఖాయంగా తెలిస్తేనే లేదనండి. ఆయన చేసిన పని ఎవరి మీద పడుతుందో ఆ రోజే తేల్చండి. వెళ్లినాయనతో ఫోన్లో మాట్లాడితే తమకూ ముప్పేమోనని స్నేహితులు జంకుతుంటారు. మాట్లాడుకోమని మీరే అనండి.

అమెరికాలో ఉన్నవాళ్లు మీ టీమ్‌లో ఉంటే ఇంకో లెక్క కూడా ఉంది. హెచ్1బీ వీసా మీద పనిచేస్తూ ఉద్యోగం పోయినవాళ్లకు కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ లెక్క సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజు నుంచి మొదలవుతుంది. అక్కడున్న మన తెలుగు కుటుంబాలకు ఆ 60 రోజుల్లోనే ఇల్లు, పిల్లల చదువు, వెనక్కి వెళ్లడమా ఉండటమా అన్నీ తేలాలి. అందుకే వాళ్లకు చేతిలో పెట్టే మొత్తంకంటే, ఇంకో నెల రెండు నెలలు పేరోల్ మీద ఉంచడం ఎక్కువ విలువైనది కావచ్చు. కంపెనీకి అయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. హెచ్‌ఆర్‌ను ఆ మాట అడగాల్సింది మీరే, ఉద్యోగం పోతున్నవాళ్లు తమంతట తాము అడగరు.

రెండు వారాలు గడిచాక ఒకసారి ఫోన్ చేయండి. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం వదిలిన తేదీ నమోదైందా, సెటిల్‌మెంట్ డబ్బు పడిందా, రిలీవింగ్ లెటర్ చేరిందా అడగండి. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఆగి ఉండటం మామూలే, ఆగిన చోట మీ ఒక్క మెయిల్‌తో కదులుతుంది. ఎక్కడైనా ఇంటర్వ్యూలు నడుస్తుంటే, అక్కడి నుంచి ఎవరైనా మీకు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో ఇద్దరూ మాట్లాడుకోండి. ఆయన బాగా చేసిన పనులేమిటో గుర్తు చేసుకుని రాసి పెట్టుకోండి. లేని గొప్పలు చెప్పనక్కర్లేదు, ఉన్న మంచి చెప్పడం మరవకుండా ఉంటే చాలు. ఆయన కోపంగా మాట్లాడితే వినండి, సమర్థించుకోకండి. అసలు ఫోనే ఎత్తకపోతే ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి. ఏ పని ఎంతవరకు వచ్చిందో, ఇంకా ఏదైనా కాగితం కావాలంటే ఎవరిని ఏ నంబరులో అడగాలో అందులో రాయండి. మళ్లీ మళ్లీ చేయకండి. మిమ్మల్ని క్షమించాలో వద్దో ఆయన ఇష్టం, ఆయనకు రావాల్సిన కాగితాలు చేర్చడం మీ పని.